అనుబంధం–1: నా ఎడమ చెయ్యి

నా ఎడమ చేతికి ఏడు కన్నాలున్నాయి. వాటిలో ఆరు నేను రాసినవే.

చేతికి కన్నం రాయడమేమిటని మీకు సందేహం రావచ్చు. నేను రాసినవన్నీ కన్నాలేనని మా ఆవిడకు ఏ సందేహమూ లేదు. జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ఖాళీ దొరికితే హాస్యం రాస్తాను, దొరక్కపోతే మాట్లాడతాను. నా శ్లేషలకు ముందుగా నేనే నవ్వుతాను. ఇంకొకరు నవ్వేదాకా ఆగితే సభ ముగిసి కుర్చీలు కూడా సర్దేస్తారు. వయసు యాభై మూడు, బరువు ఎనభై నాలుగు. ఈ రెండో అంకె గుర్తుంచుకోండి. ఈ కథలో దానికి నాకంటే పెద్ద వేషం ఉంది.

మా ఊరు గోదావరి జిల్లాల్లో ఉంది. పేరు చెప్పను. రేపు జ్వరమొస్తే మళ్ళీ మా ఊరి ఆసుపత్రికే వెళ్ళాలి. ఆ పెద్దాసుపత్రికి ఒకరోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి నర్సూ వృత్తివికాసం కోసం ఒక పోర్ట్‌ఫోలియో నిర్వహించాలట. అప్పటిదాకా పోర్ట్‌ఫోలియో అంటే మంత్రులకే ఉంటుందనుకునేవాణ్ణి. శాఖ లేని మంత్రి ఉన్నట్టే ఇక శాఖ ఉన్న నర్సు కూడా ఉంటుందని, ఆ శాఖ పట్టుకుని వేలాడటమే ఆమె పని అవుతుందని తర్వాత తెలిసింది.

దీన్ని అమలు జరపడానికి విరూపాక్షరావుగారు నైపుణ్య వికాస సమన్వయాధికారిగా దిగారు. అంతకుముందు ఆయన మత్స్యశాఖ. చేపల్లో ఏ మేరకు వికాసం కలిగించారో చేపలే చెప్పాలి గానీ, వల వెయ్యడం మాత్రం బాగా నేర్చుకుని వచ్చారు. అందులో పడ్డ మొదటి చేపను నేనే. నర్సుల దినోత్సవానికి నన్ను పిలిచారు. వార్డు బాగుంటే రికార్డు, రికార్డు బాగుంటే అవార్డు అని ఏదో ప్రాస విసిరాను. నర్సులెవరూ నవ్వలేదు. విరూపాక్షరావుగారు కళ్ళు తుడుచుకున్నారు. నాకు శాలువా కప్పి, అది నా భుజాల మీద సర్దుతూనే, నర్సులకు ప్రతిఫలనాత్మక లేఖనం నేర్పే బాధ్యత కూడా కప్పేశారు. ప్రతిఫలం లేని ప్రతిఫలనం అన్నమాట. శాలువా మెత్తగా ఉంది. ఒప్పుకున్నాను.

లేఖనం అంటే ఐదు ప్రశ్నలు. ఏం చేశాను, చేస్తున్నప్పుడు ఏమనిపించింది, ఏం నేర్చుకున్నాను, ఇంకోసారైతే ఎలా చేస్తాను, నాలో వచ్చిన మార్పేమిటి. నర్సు సూది వేసినా, కట్టు కట్టినా, మంచం మీద దుప్పటి మార్చినా ఈ ఐదింటికీ జవాబులు రాసి ఫైల్లో పెట్టాలి. మొత్తం నూరు మార్కులు. ఆధారాలకు ఇరవై, ప్రతిఫలనానికి ఇరవై, భాషకు ఇరవై. మిగిలిన నలభై ఫైలు బరువుకు: వంద గ్రాములకొక మార్కు. బరువెందుకండీ అని అడిగితే, అనుభవము అమూర్తము, కిలోగ్రాము మూర్తము, మూర్తమునే మూల్యాంకనము చేయగలము అన్నారాయన. నాకు ఆ వాక్యం ఎంత నచ్చిందంటే, అర్థం గురించి అడగడం మర్చిపోయాను.

అరవై రాని నర్సు రోగిని తాకకూడదు. ప్రతిఫలనం పక్వమయ్యేదాకా ఫైళ్ళగదిలో అభ్యాసం చేస్తూ కూర్చోవాలి. మూడుసార్లు తప్పితే ‘రోగిని తాకుటకు అనర్హురాలు’ అని సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరాతో రాస్తారు.

మొదటి తరగతిలో బల్లల మీద చెయ్యి చరుస్తూ గంటసేపు చెప్పాను. మనసును అద్దంలా చేసుకోండి, సూటిగా కాదు, సూదిగా రాయండి అన్నాను. వెనక బెంచీలోంచి సువార్తమ్మగారు లేచారు. పిల్లల వార్డులో ఇరవై ఆరేళ్ళ సర్వీసు, పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలు. ఏడుపు లంకించుకున్న పసిపిల్ల చేతిలో కూడా నరం పట్టుకోగలదని జిల్లా అంతా పేరు. ఆమె పద్ధతి ఆమెది. నరం కోసం కళ్ళతో చూడదు, వేలితో తడుముతుంది. తడుముతూ, పిల్లల్నయితే తల్లిని, పెద్దవాళ్ళనయితే వాళ్ళనే, ‘ఇంట్లో ఏం కూరండి’ అని అడుగుతుంది. జవాబు చెప్పేలోపు సూది లోపల ఉంటుంది. ఏ మంచానికి ఎంత జ్వరం, ఏ మందు ఎన్నింటికి అన్నది తెల్లప్లాస్టరు ముక్క మీద రాసుకుని ఏప్రానుకు అంటించుకుంటుంది. డ్యూటీ దిగేముందు కేసు షీట్లలో ఎక్కించి, ముక్క పీకి పారేస్తుంది.

“మేస్టారండీ, సూది గుచ్చేటప్పుడు ఏవనిపించిందో రాయాలన్నారు కదండీ. ఏం రాయాలండి?”

“మీకేమనిపిస్తుందో అదే రాయండమ్మా.”

“నాకా అండి? గుచ్చాలనిపిస్తాదండి.”

తరగతి అంతా నవ్వింది. ఆ గంటలో నవ్వు పుట్టించింది ఆమె ఒక్కరే. అది నాకు కొంచెం గుచ్చుకుంది. మొదటి మూల్యాంకనంలో భాషకు మార్కులు వేసింది నేను. ఆమె ఫైలు వంద గ్రాములుంది. ఐదు ప్లాస్టరు ముక్కలు అట్ట మీద అంటించి, ప్రతి ప్రశ్నకూ ఒక్కో ముక్క జవాబు రాసింది. అంచున ఎర్రకలంతో ‘భావదారిద్ర్యం’ అని రాసి సున్నా పెట్టాను. ఆ మాట తగిలినందుకు పొంగిపోయి కాఫీ హోటల్లో నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ప్రతిఫలనానికీ సున్నాయే వచ్చింది. ఆధారాలకు పది, బరువుకు ఒకటి. వెరసి పదకొండు. రెండోసారీ పదకొండే వచ్చాయి; ఆమెలోనూ మార్పు రాలేదు, నాలోనూ రాలేదు.

స్రవంతి సంగతి వేరు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. భయస్తురాలు, ముత్యాల్లాంటి దస్తూరి. గురువుగారూ, నాకు అనిపించడం చేతకాదండీ, మీరే కాస్త అనిపించి పెట్టండి అని బతిమాలింది. ఇలా అడిగితే నేను ఆగుతానా. ఆమె తరఫున నాకు రోజుకు పదేసి పేజీల చొప్పున అనిపించింది. అందులో ‘నరాన్వేషణ: ఒక ఆత్మయాత్ర’ అన్నది నా దృష్టిలో ఉత్తమ రచన. ‘నా వేలికొస కింద ఒక సన్నని సెలయేరు పలకరించింది. నేను నరాన్ని వెతకలేదు. నరమే నన్ను వెతుక్కుంటూ వచ్చింది’ అని రాసి, నేనే చదువుకుని, నేనే కళ్ళు తుడుచుకున్నాను. పరీక్షకుణ్ణీ నేనే కనుక ఇరవైకి ఇరవై వేసుకున్నాను. మొత్తం తొంభై ఏడు వచ్చాయి. ఫైలు మూడు వందల గ్రాములు తగ్గడం వల్ల మూడు మార్కులు పోయాయి.

ఆ ఫైలు చదివి విరూపాక్షరావుగారు స్రవంతిని ‘సిరామార్గ నిపుణురాలు’గా నియమించారు. సిర అంటే నరం కనుక సిరామార్గం అంటే సెలైన్ వెళ్ళే దారి అని ఆయన భావం. సిరా వెళ్ళిన దారి అని నాకు అప్పుడే తట్టాల్సింది. శ్లేష అవసరమైన చోట ఒక్కసారీ తట్టదు నాకు.

ఆసుపత్రి వికసించడం మొదలైంది. ఫైళ్ళకు గది చాలక పైల్స్ వార్డు ఖాళీ చేయించి ఫైల్స్ వార్డు చేశారు. ఆ రోగులు వరండాలో నిలబడ్డారు. వాళ్ళకెలాగూ కూర్చోవడం ఇబ్బందే. ఫైళ్ళు తూచడానికి పసిపిల్లల త్రాసు తీసుకెళ్ళారు. పసిపిల్లల్ని ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో తూయించుకు రమ్మన్నారు. రోజూ పది నుంచి పదకొండు దాకా ప్రతిఫలన ఘడియ. ఆ గంట నర్సులందరూ రాస్తారు. సెలైన్ సీసాలు అయిపోతున్నాయేమోనని రోగుల బంధువులు చూసుకుంటారు. గోడ మీద పెద్దక్షరాలతో ‘వ్రాయనిది జరగనట్లే’ అని పెయింటు వేయించారు. ఒకావిడ ఆ గంటలోనే ప్రసవించింది. రాసినవారెవరూ లేక, పాప పుట్టిన సంగతి మధ్యాహ్నం మూడింటిదాకా ఆసుపత్రి ఒప్పుకోలేదు. పాప మాత్రం పదిన్నర నుంచీ గట్టిగా ఒప్పుకుంటూనే ఉంది.

ఒకసారి ఫైళ్ళగది ముందునుంచి వెళుతున్నాను. సువార్తమ్మగారు లోపల లేబుళ్ళు అంటిస్తూ కూర్చుని ఉన్నారు. ఎవరో తల్లి జ్వరంతో సొమ్మసిల్లిన పిల్లాణ్ణి భుజానేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, సిస్టరుగారూ, ఒక్కసారి చెయ్యి వెయ్యండమ్మా, అక్కడ నరం దొరకట్లేదంట అని అడుగుతోంది. సువార్తమ్మగారు చేతులు ఏప్రాన్ కింద దాచుకున్నారు.

“నేను ముట్టుకోకూడదమ్మా. మార్కులు రాలేదు.”

నేను గోడవైపు తిరిగి నడిచాను. గోడ మీద నా వార్డు, రికార్డు ప్రాసే ఉంది, ఫ్రేము కట్టించి మరీ.

ఇంతలో రాష్ట్రం నుంచి పరిశీలక బృందం శుక్రవారం వస్తోందని, అదే రోజు పదిన్నరకు మూడో మూల్యాంకనం అని ప్రకటించారు. ముందస్తుగా సోమవారమే అభినందన సభ పెట్టి నాకు మరో శాలువా కప్పారు. సభలో మిరపకాయ బజ్జీలు పెట్టారు. తొమ్మిది తిన్నాను. తొమ్మిదో బజ్జీకి ఏమనిపించిందో, ఏం నేర్చుకున్నానో రాయను. మంగళవారం తెల్లవారేసరికి నాలో వచ్చిన మార్పు మాత్రం వీధంతా తెలిసింది. వాంతులు, విరేచనాలు. పదకొండింటికి మా ఆవిడ ఆటోలో పెట్టి ఆసుపత్రికి తెచ్చేసరికి నాలుక అట్టకట్టి, శ్లేష సరే, శ్లేష్మం కూడా మిగల్లేదు.

డాక్టరు చూసి, ఒంట్లో నీరు లేదు, బీపీ పడిపోతోంది, వెంటనే నరంలోకి కాన్యులా గొట్టం పెట్టి సెలైన్ ఎక్కించమని చెప్పి ఆపరేషన్ థియేటరుకు వెళ్ళిపోయారు. కాన్యులా పెట్టాలి. కానీ, ఎలా? ఒంట్లో నీళ్ళు లేనివాడి నరాలు అప్పులవాళ్ళని చూసినట్టు లోపలికి వెళ్ళి తలుపేసుకుంటాయి. సిరామార్గ నిపుణురాలు వచ్చింది. చేతిలో ట్రే, చంకలో మూడు కిలోల ఏడు వందల గ్రాముల ఫైలు. ఆమె ముఖం నాకంటే పాలిపోయి ఉంది.

మొదటిది మోచేతి మడత దగ్గర. రెండోది పక్కనే. మూడోది మణికట్టు మీద. పేరు స్రవంతి కదా, రక్తం ట్యూబులోకి తప్ప అన్ని వైపులకూ స్రవించింది. నాలుగోసారికి ఆమె చెయ్యి తిప్పి వెనకవైపు గుచ్చింది. గురువుగారూ, మీరు రాసినట్టే చేస్తున్నానండీ, పలకరించట్లేదండీ అంది. నేను రాసిన వాక్యాలు నాకే గుర్తొచ్చాయి. నరం ఏ సెలయేరు ఒడ్డున ఆగిపోయిందో, నన్నూ వెతుక్కుంటూ రాలేదు, ఆమెనూ వెతుక్కుంటూ రాలేదు. ఇప్పటిదాకా ఎన్ని పెట్టావమ్మా అని గొణిగాను. పదకొండండీ, మిగతా టైమంతా వాటి గురించి మీరు రాసింది ఎత్తిరాయడానికే సరిపోయిందండీ అంది. ఐదు. ఆరు.

అప్పటికే విరూపాక్షరావుగారు వచ్చి మంచం పక్కన నిలబడి ఉన్నారు. ప్రతి కన్నం తర్వాతా ప్రస్తుతం ఏమనిపించుచున్నదో సెలవిస్తే ఆధారంగా నమోదు చేస్తానంటున్నారు. సువార్తమ్మని పిలవండి అన్నాను. అర్హత లేని హస్తము అపాయకరము అని ఆయన. గోడలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఆమెను ఆ గదిలో కూర్చోబెట్టిన సున్నా నా కళ్ళ ముందు ఎర్రగా గుండ్రంగా కనిపించింది. నా సున్నాలో నేనే పడి పోతున్నానని అర్థమైంది.

స్రవంతి ఫైలు నేల మీద పడేసింది. ఆ చప్పుడుకు పక్క మంచం ముసలాయన లేచి కూర్చున్నాడు. ఆ పిల్ల పరుగెత్తి వెళ్ళి, సువార్తమ్మగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. విరూపాక్షరావుగారు అడ్డం నిలబడి ఇందుమూలముగా అని మొదలుపెట్టారు గానీ, ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆయన్ని పక్కకి జరిపేసింది. నా ఎడమ చేతికి రబ్బరు పట్టీ బిగించి కట్టింది. కళ్ళు కిటికీ వైపు పెట్టింది. బొటనవేలి పక్కన, ఎవరూ చూడని చోట, వేలు ఆగింది.

“ఇంట్లో ఏం కూరండి మేస్టారూ?”

ఇలాంటి ప్రశ్న కోసమే నేను బతికేది. బీరకాయ మీద నా దగ్గర అప్పటికప్పుడు ఒక శ్లేష తయారైంది. ‘బీర’ అన్నాను.

“అయిపోయిందండి.”

సెలైన్ చుక్కలు పడుతున్నాయి. నా జీవితంలో పూర్తికాని మొదటి వాక్యం అది. మా ఆవిడ సువార్తమ్మగారికి దణ్ణం పెట్టింది, దేనికో స్పష్టంగా చెప్పలేదు.

బుధవారానికి లేచి కూర్చున్నాను. డాక్టరు ఇంటికి పంపమని రాశారు. విరూపాక్షరావుగారు కాయితం వెనక్కి తిప్పారు. మంచం దగ్గరకొచ్చి, ఎంతో మర్యాదగా, చికిత్స జరగనిదే రోగిని పంపుట కుదరదన్నారు. జరిగింది కదండీ అన్నాను.

“పండితులవారూ, ఆరు రంధ్రములకు నమోదు ఉన్నది. ఏడవ రంధ్రమునకు కర్త లేడు. వ్రాయనిది జరగనట్లే. కావున తమకింకనూ సెలైన్ ఎక్కలేదు.”

దానికి ఉపాయం కూడా ఆయనే చెప్పారు. ఏడోది కూడా స్రవంతే పెట్టినట్టు, ఆరు వైఫల్యాల అనంతరం సెలయేరు పలకరించినట్టు నేనొక నాలుగు పేజీలు రాస్తే, రోగికి విముక్తి, ఆసుపత్రికి అవార్డు. సువార్తమ్మ పేరు రాస్తే నిషేధాన్ని అతిక్రమించినట్టవుతుంది. కాయితం, కలం నా ఒళ్ళో పెట్టారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, కలం మూత తీశాను. మొదటి వాక్యం అప్పటికే తన్నుకొచ్చేస్తోంది.

స్రవంతి వచ్చి కాయితం మీద చెయ్యి పెట్టింది.

“రాయకండి గురువుగారూ. ఆరు చాలండి.”

తలొంచుకున్నాను. తలొంచుకున్నాను గనకే కనిపించింది. కాన్యులా కదలకుండా అంటించిన ప్లాస్టరు మీద, నీలం బాల్‌పెన్నుతో, కోడికాళ్ళ రాతలో: 16/7, ఉ. 11.20, సు. మూడు రోజుల్లో కాన్యులా తీసెయ్యాలి కనుక ఎప్పుడు పెట్టారో ప్లాస్టరు మీద రాయడం నర్సుల అలవాటు. సంతకంగా పొడి అక్షరం పెట్టడం ఆమె అలవాటు.

రాసే ఉందండీ అని చెయ్యి చాచాను. విరూపాక్షరావుగారు కళ్ళజోడు పెట్టుకుని నా చెయ్యి చదివారు. తిరగేసి చదివారు. ఆయనలో నాకు నచ్చిందేమిటంటే, తను రాయించిన గోడ మీద ఆయనకు నిజంగా నమ్మకం ఉంది. అయితే నిషేధము మాటో అన్నారు. మీ ఉత్తర్వులోనే ఉందండీ, ‘పక్వత కొరకు ఫైళ్ళగదిలోని వారు అభ్యాసము చేయవలెను’ అని. ఆవిడ నా మీద అభ్యాసం చేశారు అన్నాను. ఆ ఉత్తర్వుకు భాష దిద్దింది నేనే. వ్యాసం రాయలేనివాళ్ళు అభ్యాసం చెయ్యాలని ప్రాస కోసం ఇరికించిన ముక్క అది. జీవితంలో ఒక్క ప్రాస ఉపయోగపడింది.

ఆయన కరిగారు, కరిగి నిబంధనల అచ్చులోనే మళ్ళీ గడ్డకట్టారు. ఆధారము అసలుదే జతచేయవలెను, జిరాక్సు చెల్లదు అన్నారు. ప్లాస్టరు పీకితే కాన్యులా వస్తుంది, కాన్యులా వస్తే ఆధారం పోతుంది. కనుక ప్లాస్టరు ఉన్న చేతిని, చెయ్యి ఉన్న మనిషిని కలిపి సువార్తమ్మ ఫైలుకు అనుబంధం ఒకటిగా జతచేశారు. నా మెడలో చీటీ వేలాడింది. ఆవిడకూ నాకూ అంతకుముందు ఏ అనుబంధమూ లేదని మా ఆవిడ సభాముఖంగా ప్రకటించింది.

శుక్రవారం పది గంటలకు తూకం. అనుబంధాలతో సహా తూచాలని నిబంధన. నేను ఒక కాలు పెట్టగానే పసిపిల్లల త్రాసు ముల్లు తిరిగి ఊడిపోయింది. నన్ను చక్రాల కుర్చీలో ఎదుటి కిరాణా కొట్టుకు తీసుకెళ్ళారు. బియ్యం బస్తాల కాటా మీద నిలబెట్టారు, ఫైలు నెత్తిన పెట్టారు. కొట్టు యజమాని వీరభద్రంగారు అలవాటు చొప్పున, ‘ఎనభై నాలుగు కిలోల వంద, గోనెతో కలిపి’ అని చీటీ రాశాడు. గోనె అంటే ఏమిటని విరూపాక్షరావుగారు అడిగితే, శాలువా అండి అన్నాడు.

బరువుకు నలభై. అంతకు మించి వెయ్యడానికి లేనందుకు పరిశీలక బృందం విచారం వ్యక్తం చేసింది. ఆధారాలకు పది. ప్రతిఫలనానికి సువార్తమ్మగారు ఈసారీ ముక్కలే రాసింది. ఏం చేశాను: కాన్యులా పెట్టాను. ఏమనిపించింది: పెట్టాలనిపించింది. ఏం నేర్చుకున్నాను: మేస్టారు మాట్లాడకుండా కూడా ఉండగలరని. ఇంకోసారైతే: బజ్జీలు తినకముందే చెప్తాను. మార్పు: మార్పేం లేదండి. బృందం ఒక మార్కు వేసింది. భాష నా వంతు. ఎడమ చేత్తో కాయితం పట్టుకుని, కుడిచేత్తో ఇరవై వేశాను. నా ముప్ఫై ఏళ్ళ రాతలో ఐదు వాక్యాలు అంత తిన్నగా నిలబడిన సందర్భం ఒక్కటీ గుర్తురాలేదు. వెరసి డెబ్భై ఒకటి.

ఫలితం చదవగానే సువార్తమ్మగారు ఫైళ్ళగదిలో లేబుళ్ళ జిగురు చేతులకు ఉంటే కడుక్కుని, తిన్నగా పిల్లల వార్డుకు వెళ్ళిపోయింది. ఆసుపత్రికి అవార్డు వచ్చింది. సజీవ అనుబంధాల విధానం రాష్ట్రమంతటా పెట్టాలని సిఫారసు చేశారట. బరువైన రోగుల కోసం నర్సులు ఇప్పటినుంచే వెతుకుతున్నారట. నన్ను మాత్రం, కోరినపుడు హాజరుపరిచే షరతు మీద ఇంటికి విడుదల చేశారు. ‘అనుబంధము మంచి స్థితిలో అందినది’ అన్న రసీదులో మా ఆవిడ ‘మంచి’ కొట్టేసి సంతకం పెట్టింది.

వెళ్ళేముందు ఒక్క రక్తపరీక్ష అన్నారు డాక్టరు. పదకొండూ ఇరవైకి ఠంచనుగా వచ్చి సువార్తమ్మగారు కాన్యులా తీసేసి, ట్రే పట్టుకుని పక్కకు జరిగారు. స్రవంతి ముందుకొచ్చింది. చంకలో ఫైలు లేదు. ఎడమ చెయ్యి దాచుకుని కుడి చెయ్యి ఇచ్చి కళ్ళు మూసుకున్నాను. వేలు మెల్లగా తడుముతోంది. ఆ పిల్ల కిటికీ వైపు చూస్తోందని కళ్ళు మూసుకున్నా తెలిసింది.

“ఇంట్లో ఏం కూరండి గురువుగారూ?”

మూడు రోజులుగా దాచుకున్న శ్లేష ఉంది. గొంతు సవరించుకున్నాను.

“బీ...”

“అయిపోయిందండి.”

ఆ సంగతి స్రవంతి ఎక్కడా రాయలేదు. ఏమనిపించిందని నేనూ అడగలేదు. వ్రాయనిది జరగనట్లే కనుక నా కుడి చేతికి కన్నం లేనట్లే. అప్పుడప్పుడు వేలితో తడిమి చూసుకుంటాను. నిజంగానే దొరకదు.